పదకొండు పొరలు

నవంబరు రెండో మంగళవారం మధ్యాహ్నానికల్లా మా ఊళ్ళో ఒక ఏడాది లేకుండా పోయింది.

ఆటల సంఘం తీర్పును రేడియోలో చదివారు. టాలివర్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు కిందటి సీజన్లో గెలిచిన ముప్పై నాలుగు ఆటలూ రద్దు. ఓడినట్టు కాదట, అసలు ఆడనట్టట. మార్చిలో తెచ్చిన కప్పూ అంతే. మా నాన్న వర్లిన్ స్టిడమ్ అప్పుడు తన సెలూన్లో పాస్టరు గారి మెడ గీస్తున్నాడు. మధ్యాహ్నం తిండి పట్టుకెళ్ళిన నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. నాన్న కత్తి ఆగలేదు. గీయడం పూర్తిచేసి, మెడకు పౌడరు అద్ది, గుడ్డ దులిపి, అప్పుడు వెళ్ళి గోడ మీది జట్టు ఫోటో దింపాడు.

"చలి ముదురుతోంది, వర్లిన్" అన్నారు పాస్టరు గారు.

"అవునండీ. ఈ ఏడు తొందరగానే వచ్చింది."

ఫోటో ఉన్నచోట గోడ నలుచదరంగా తెల్లగా మెరుస్తోంది. దాన్ని అక్కడ పెట్టి ఎనిమిది నెలలే అయింది. ఎనిమిది నెలలకే చుట్టూ గోడ అంత మాసిపోతుందా అనుకున్నాను. సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే హోటల్లోనూ, బడి వసారాలోనూ, చర్చి హాల్లోనూ అలాంటి తెల్ల చదరాలే కనిపించాయి. నీళ్ళ ట్యాంకు మీద 'ఛాంపియన్లు' అన్న అక్షరాల మీద ఎవరో అప్పటికే సున్నం కొట్టేశారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, మీటింగు పెట్టుకోలేదు. అందరికీ ఒకేసారి తెలిసిపోయింది ఏం చెయ్యాలో.

మామూలుగా మా కెటిల్ ఫోర్క్ వాళ్ళు అంత బుద్ధిమంతులు కారు. కెంటకీ కొండల్లో బాస్కెట్‌బాల్ అంటే అన్నదమ్ములు కూడా మాటలు మానేస్తారు. సెప్టెంబరులో హోబర్ట్ కాడిల్‌ను పోలీసులు పట్టుకెళ్ళినప్పుడు ఊరు ఊరంతా రోడ్డు మీదికొచ్చి తిట్టింది. హోబర్ట్ లారీల వ్యాపారి. చర్చికి కప్పు వేయించాడు, బడికి స్కోరు బోర్డు పెట్టించాడు. మెంఫిస్ కుర్రాడు జమారి వెబ్‌ను టాలివర్ జట్టులోకి రప్పించడానికి వాళ్ళమ్మ లోనెట్‌కు లంచం ఇచ్చాడని కేసు. మావాళ్ళు ముందు పోలీసులను తిట్టారు. తరవాత ఆటల సంఘాన్ని తిట్టారు. ఆఖరికి లోనెట్ దగ్గర ఆగారు. కొడుకు కాళ్ళను అమ్ముకున్న తల్లి అన్నారు. హోబర్ట్‌ను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. బెయిలు మీద బయటికొచ్చిన రోజున ఆయనకు నాన్న డబ్బు తీసుకోకుండా గడ్డం గీసి పంపాడు.

తీర్పు వచ్చాక ఆ తిట్లు కూడా ఆగిపోయాయి. నాకు భయం మొదలైంది అప్పుడే.

ఆ వారం నీవా అత్త కొట్టుకు వెళ్ళాను. నీవా ప్రాటర్ మా అమ్మకు చిన్ననాటి స్నేహితురాలు. కప్పు గెలిచిన రోజునే ఆమెకు మనవడు పుట్టాడు. ఆ ఊపులో పిల్లాడికి జమారి అని పేరు పెట్టారు. ఇప్పుడు వాడు బియ్యపు బస్తా మీద కూర్చుని చెక్క గరిటె నాకుతున్నాడు.

"జమారీ, ఏంట్రా బంగారం, గరిటె తీపిగా ఉందా?" అన్నాను.

వాడు గిరుక్కున తిరిగి నవ్వాడు.

"వాడి పేరు జిమ్మీ" అంది నీవా అత్త.

"ఎప్పట్నించి అత్తా?"

"పుట్టినప్పట్నించీ జిమ్మీయేగా." చిల్లర నా చేతిలో పెట్టింది. "జిమ్మీ, అక్కకి టాటా చెప్పు." పిల్లాడు ఆ పేరుకు కదల్లేదు. నా వైపే చూస్తూ, మళ్ళీ పిలుస్తానేమోనని కాచుక్కూర్చున్నాడు. నేను పిలవలేదు.

*

డిసెంబరులో ఒక లాయరమ్మ వచ్చింది. పేరు బీల్. లోనెట్ తరఫున వాదించే మనిషి. మా వంటింట్లో కుర్చీ అంచున కూర్చుంది. నాన్న గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మీరే కదండీ ఓవా స్టిడమ్ గారు?"

"అవునమ్మా. ఇంత చలిలో పడొచ్చావు, ముందు కాఫీ తాగు" అంది అమ్మ.

"లోనెట్ గారు ఏం చెప్తున్నారంటే, కిందటేడు ఏప్రిల్లో మీ ఊరినించి ఆవిడకి ఒక కేకు వచ్చిందట. నీలం రేకు డబ్బాలో, పదకొండు పొరల కేకు. కాడిల్ గారే తెచ్చిచ్చారట. ఇంటిల్లిపాదీ వారం రోజులు తిన్నాక, అడుగున మైనపు కాగితం కింద డబ్బు కట్ట కనిపించిందట. ఆవిడ కంగారుపడి ఫోన్ చేస్తే, అది మా చర్చి ఆడవాళ్ళ చందా, అబ్బాయి పుస్తకాలకి అన్నారట కాడిల్ గారు. ఇప్పుడు ఆయనేమో కేకూ లేదు, డబ్బా లేదు, ఆవిడే నోరు తెరిచి అడిగింది, చేతికిచ్చాను అంటున్నారు."

పొరల కేకు మా కొండల్లో పెళ్ళికి చేస్తారు. ఒక్కరే చేసేది కాదు. ఒక్కో ఇంటి ఆడమనిషి ఒక్కో పల్చటి పొర కాల్చి తెస్తుంది. మధ్యలో ఎండు ఆపిల్ గుజ్జు రాసి ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఎన్ని పొరలైతే పెళ్ళికూతురికి అంత గౌరవం. మా అమ్మ పెళ్ళికి ఏడు వచ్చాయి. ఆ ఏప్రిల్లో జమారి మా ఊరు చూడ్డానికి వచ్చి వెళ్ళాక, మావాళ్ళు పిల్లను అడగడానికి వెళ్ళే పెళ్ళివారిలా తయారయ్యారు. వాళ్ళమ్మకు కేకు పంపాలన్నారు. పదకొండు మంది పదకొండు పొరలు తెచ్చారు. మా అమ్మమ్మ డబ్బాలో, మా వంటింట్లో, ఇదే బల్ల మీద పేర్చారు. ఆ డబ్బాను హోబర్ట్ బండి ముందు సీట్లో పెట్టింది నేనే. అది కదలకుండా చుట్టూ తువ్వాలు కూడా కుక్కాను.

"ఇక్కడెవరూ ఏ కేకూ చెయ్యలేదు" అన్నాడు నాన్న.

లాయరమ్మ ఆయన వైపు చూడలేదు. "డబ్బా అడుగున టేపు మీద 'స్టి'తో మొదలయ్యే పేరు ఉందని ఆవిడకి గుర్తు. అందుకే వెతుక్కుంటూ వచ్చాను. ఆ డబ్బాని కాడిల్ గారి చేతికే తిరిగిచ్చారట, ఖాళీగా పంపకూడదని ఏవో బిస్కట్లు పెట్టి."

"ఎవరికైనా అంతే కదమ్మా, ఖాళీ గిన్నె ఎలా ఇస్తాం?" అనేసింది అమ్మ. నాన్న గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక్కటండీ. పైనుంచి మూడో పొరలో నల్ల వాల్‌నట్ పొడి ఉందట. మిగతా పదింటిలో లేదట. అంత రుచి తను ఎప్పుడూ ఎరగనంటోంది."

అమ్మ చేతిలో కాఫీ గిన్నె గాల్లో ఆగిపోయింది. పొరలో వాల్‌నట్ పొడి కలపడం అమ్మమ్మ నుంచి అమ్మకు వచ్చిన గుట్టు. నాకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. నీవా అత్తకు కూడా.

"మార్చి మొదట్లో విచారణ. కేకు ఉందని ఒక్కరు చెప్పినా ఆవిడ బయటపడుతుంది. చెప్పకపోతే జైలే" అంది బీల్.

అమ్మ గిన్నె కింద పెట్టింది. "నాకేం తెలీదమ్మా" అంది.

కొత్త మనిషి ముందు మా అమ్మ అబద్ధం ఆడటం నా ఇరవై ఆరేళ్ళలో అదే మొదలు. నేను అక్కడే ఉన్నాను. నాకూ నోరుంది. నేనూ మాట్లాడలేదు.

*

ఆ క్రిస్మస్‌కు ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొరల కేకు చెయ్యలేదు. నీవా అత్త కొట్లో ఎండు ఆపిల్ బస్తాలు కట్టిన తాడు కట్టినట్టే ఉన్నాయి. చర్చి విందులో కొనుక్కొచ్చిన మిఠాయి పెట్టారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎప్పుడూ ఇంతే అన్నట్టు తిన్నారు.

కానీ మా ఇంట్లో వాసన మొదలైంది. ఎండు ఆపిల్ ఉడుకుతున్న వాసన, దాల్చినచెక్క వాసన. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు. మధ్యాహ్నం మూడింటప్పుడు వంటింట్లోంచి మెల్లగా వచ్చేది. నేను పిచ్చిదాన్నయిపోతున్నానేమో అనుకున్నాను. ఒకరోజు చూద్దును కదా, బయట మంచు కురుస్తుంటే నాన్న లేచి వెళ్ళి కిటికీలు రెండూ బార్లా తెరిచాడు. ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నాడు. అమ్మ శాలువా కప్పుకుంది. ముగ్గురం అలా వణుకుతూ కూర్చున్నాం. తలుపు తీసినా మూసినా ఆ వాసన పోలేదు.

జనవరిలో ఒకరోజు అమ్మ నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళింది. ఎవరూ లేని వేళ చూసి నీవా అత్త చెయ్యి పట్టుకుంది.

"నీవా, ఇక్కడ మనమేగా ఉన్నాం. కోర్టుకి చెప్పమనట్లేదు. నాకు చెప్పు చాలు. నీది జొన్న బెల్లం పాకం పొర. అంచు కాస్త మాడింది. మాడిందని నువ్వు ఏడిస్తే నేను కత్తితో గీకి ఇచ్చాను. అవునా?"

"ఏ పొర, వదినా?"

"మనం పంపిన కేకే. మొన్న కాదు, అంతకు ముందు క్రిస్మస్‌కి నువ్వే అన్నావుగా, మెంఫిస్ మనిషి డబ్బా కూడా తిరిగి పంపలేదు, ఏం పెంపకమో అని."

"ఏ డబ్బా?"

నీవా అత్త మొహంలోకి తేరిపారా చూశాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజం తడుముకునే మనిషి అయితే కనిపెట్టేదాన్ని. కళ్ళు పక్కకు పోలేదు, పెదవి వణకలేదు. అమ్మ మీద నిజమైన జాలి కనిపించింది. "నీకు ఒంట్లో బాలేదు వదినా. ఇంటికెళ్ళి పడుకో" అంది.

అమ్మ వినలేదు. ఇల్లిల్లూ తిరిగింది. పోస్టాఫీసు రోబీ, పాస్టరు గారి భార్య, కాడిల్ చెల్లెలు, మిగిలిన అయిదుగురు. అందరూ కుర్చీ వేశారు, అందరూ కాఫీ ఇచ్చారు, అందరూ అదే అడిగారు. ఏ పొర, ఓవా? చివరి ఇంటి మెట్లు దిగుతూ అమ్మ రెయిలింగు పట్టుకుని ఆగింది.

"రెథా, మనం నిజంగానే చేశామంటావా?"

నేను అవునమ్మా అనాలి. తువ్వాలు కుక్కిన చేతులు నావే. కానీ ఆ ఊరినీ, ఆ మంచునీ, కిటికీల వెనక కదలకుండా నిలబడి చూస్తున్న ఆ ఆడవాళ్ళనూ చూస్తే నాకే నా మీద నమ్మకం సడలింది.

"ఏమోనమ్మా" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

*

ఫిబ్రవరిలో నాన్నకు జ్వరం వచ్చి సెలూన్ మూతపడింది. ఆయనకు సెలూన్లోని రేడియో కావాల్సి వచ్చింది. మా ఇళ్ళల్లో ఆటను టీవీలో చూస్తాం కానీ టీవీ మాటలు వినం. దాని గొంతు నొక్కేసి, రేడియోలో మా డూలీ చెప్పే వ్యాఖ్యానం వింటాం. టీవీ వాళ్ళకు మన జట్టంటే ప్రేమ ఉండదు కదా. చిక్కల్లా ఏమిటంటే, రేడియో ముందు, బొమ్మ వెనక. ఏడెనిమిది సెకన్లు తేడా. డూలీ "పడిందీ!" అని అరిచాక, బంతి ఇంకా కుర్రాడి చేతుల్లోనే ఉంటుంది. పడుతుందని తెలిసి, పడేదాకా చూస్తూ కూర్చుంటాం. మాకది అలవాటే.

రేడియో కోసం సెలూన్లో కింది బీరువా తెరిచాను. దింపేసిన జట్టు ఫోటో గోడవైపు తిరిగి నిలబడి ఉంది. దాన్ని పక్కకు జరిపితే వెనక నీలం డబ్బా ఉంది.

బోర్లించి చూశాను. అడుగున టేపు, దాని మీద అమ్మ చేతిరాత సగం చెరిగిపోయి ఉంది. మా ఊళ్ళో చావుకో విందుకో గిన్నె పంపితే అడుగున పేరు రాసి అంటిస్తాం, ఎవరి గిన్నె వాళ్ళకు చేరాలని. మూత తీశాను. పల్చటి కాగితాల్లో విడివిడిగా చుట్టిన గుండ్రటి బిస్కట్లు, రాళ్ళలా గట్టిపడిపోయినవి. లెక్కపెట్టకుండానే ఎన్నో తెలిసిపోయింది. వాటి మీద ఒక ఉత్తరం ఉంది.

'కెటిల్ ఫోర్క్ అక్కచెల్లెళ్ళకు. నా జన్మలో నాకోసం పదకొండు పొయ్యిలు వెలిగించినవాళ్ళు లేరు. ఒక్కొక్కరికి ఒక్కో బిస్కట్, మా అమ్మ చేసే పద్ధతి. మీ చందా డబ్బు కేకు కింద చూసి భయపడ్డాను. మీరు అబ్బాయి పుస్తకాలకని వేసుకున్నారని కాడిల్ గారు చెప్పాక మనసు కుదుటపడింది. ఇంత అక్కర్లేదు, ఇకమీదట పంపకండి. మూడో పొర చేసిన తల్లి ఎవరో నాకు తెలియదు. ఆవిడకు ప్రత్యేకంగా దండం పెట్టానని చెప్పండి. లోనెట్ వెబ్.'

"అక్కడ పెట్టు, తల్లీ" అన్నాడు నాన్న.

పడుకునే బట్టల మీద కోటు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. జ్వరంతో కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"అటు కిందటేడు జూన్లో. హోబర్ట్ నన్ను ఓవాకి ఇమ్మన్నాడు. ఉత్తరం ఉందని వాడికి తెలీదు. మూత కూడా తీసి ఉండడు."

"నువ్వు తీశావు."

"తీశాను. చదివాను. ఏ చందా? మీరెవరూ చందా వెయ్యలేదని నాకు తెలుసు కదా." గోడ మీది తెల్ల చదరం కేసి చూశాడు. "అప్పుడు నోరు విప్పితే కుర్రాడు ఆడేవాడు కాదు. నా ఎరుకలో టాలివర్ ఎప్పుడూ కప్పు గెలవలేదే తల్లీ. మా నాన్న చూడకుండానే పోయాడు. ఒక్కసారి చూసి పోదామనుకున్నా. ఒక్కసారి."

"చూశావుగా."

"చూశా" అన్నాడు. "చూడలేదంటున్నారు."

నాకు కోపం రావాలి, వచ్చింది కూడా. దానితోపాటే ఏడుపొచ్చింది. డబ్బా చంకన పెట్టుకుని ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళాను. ఆయన నన్ను ఆపలేదు.

ఇంట్లో అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. బిస్కట్లు పదకొండూ విప్పి బల్ల మీద పేర్చింది. ఒకటి తీసుకుని కాఫీలో ముంచి, నానేదాకా పట్టుకుని కూర్చుంది. ఇరవై నెలల కిందటి బిస్కట్. నెమ్మదిగా నమిలింది.

"జాజికాయ వేసింది" అంది. తక్కిన పదింటినీ మళ్ళీ చుట్టి డబ్బాలో పెట్టింది.

ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో ఆ వాసన రాలేదు.

*

తరవాతి శనివారం మధ్యాహ్నం ఆట. నాన్నకు జ్వరం తగ్గింది. ఎప్పటిలాగే ఇరుగూ పొరుగూ మా హాల్లో చేరారు. నీవా అత్త పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుంది. పాస్టరు గారి భార్య అల్లిక తెచ్చుకుంది. నాన్న కుర్చీలో హోబర్ట్ కాడిల్ కూర్చున్నాడు. నాన్నే లేచి ఇచ్చాడు. టీవీ గొంతు నొక్కేశారు, డూలీ మొదలెట్టాడు. జట్టు తొమ్మిది పాయింట్లు వెనకపడి ఉంది. జమారి లేని జట్టు.

"వచ్చేవారం విచారణకి ఆ లోనెట్ ఏం చెప్తుందో విన్నారా?" అన్నాడు హోబర్ట్, వేరుశనగలు నములుతూ. "మన ఆడోళ్ళు దానికి కేకు పంపారట! పెళ్ళి కేకు! పదకొండు పొరలట!"

అందరూ నవ్వారు. గలగలా, మనస్ఫూర్తిగా నవ్వారు.

"అబద్ధం ఆడినా అతికినట్టుండాలి కదమ్మా" అంది పాస్టరు గారి భార్య.

"డిక్సన్ వేశాడు... తగిలిందీ... ప్చ్, బయటికొచ్చేసిందీ!" అన్నాడు డూలీ.

టీవీలో డిక్సన్ ఇంకా బంతి ఎత్తలేదు. ఎప్పటిలాగే అందరం మాట్లాడటం ఆపి, జరిగిపోయినదాన్ని చూడ్డానికి తెర వైపు తిరిగాం. ఆ ఏడెనిమిది సెకన్లు మా ఇళ్ళల్లో ఎవరూ గట్టిగా ఊపిరి కూడా తీయరు.

"నాది మూడో పొర" అంది అమ్మ.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, చేతులు తుడుచుకుంటూ. గొంతు పెంచలేదు. తెర మీద బంతి ఎగిరి, అంచుకు తగిలి, బయటికొచ్చి పడింది. ఎవరూ ప్చ్ అనలేదు. ఎవరూ అమ్మ వైపు తిరగలేదు. డూలీ ఒక్కడే మాట్లాడుతున్నాడు. నీవా అత్త ఒళ్ళో పిల్లాడు మాత్రం తల తిప్పి, అమ్మను చూసి చేతులు చాపాడు.

"నాది ఆరోది. డబ్బా బండిలో పెట్టింది కూడా నేనే" అన్నాను.

హోబర్ట్ వేరుశనగ పొట్టు ఒళ్ళోంచి దులుపుకుని లేచాడు. "వర్లిన్, మీ ఆడవాళ్ళకి ఒంట్లో బాలేదల్లే ఉంది" అన్నాడు. నాన్న ఆయన్ను చూడలేదు. రేడియో దగ్గరికి వెళ్ళి నొక్కేశాడు. మా ఇంట్లో ఆట మధ్యలో రేడియో ఆగడం నేనెరగను. ఒకరి తరవాత ఒకరు కోట్లు తొడుక్కున్నారు. మా హాల్లో టీవీ బొమ్మ ఒక్కటే, శబ్దం లేకుండా, పరిగెడుతూ మిగిలింది.

*

ఉత్తరం బీల్‌కు ఇచ్చాం. డబ్బాకు ఫోటోలు తీసుకుని తిరిగి ఇచ్చేసింది. విచారణ ముందురోజు అమ్మ ఒక పొర కాల్చింది, నేనొకటి కాల్చాను. రెండు పొరలు ఏం కేకు, రొట్టెముక్కలా ఉంది. తెల్లారి తలుపు తీస్తే వరండాలో గుడ్డలో చుట్టిన మూడో పొర ఉంది. పేరు లేదు. జొన్న బెల్లం వాసన వేస్తోంది, అంచు కాస్త మాడింది. అమ్మ దాన్ని కత్తితో సుతారంగా గీకి అడుగున పెట్టింది. బయట బండి ఇంజను వేడెక్కుతున్న చప్పుడు. రానన్న నాన్న స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

కోర్టులో అడిగినవాటికి అమ్మ జవాబు చెప్పింది. నేనూ చెప్పాను. ఉత్తరం ఇన్నాళ్ళూ ఎక్కడుందని అడిగితే, మా సెలూన్ బీరువాలో అంది అమ్మ. ఎవరు పెట్టారని అడిగితే, మా ఆయన అంది. నాన్న కిందనే బండిలో ఉన్నాడు. పైకి రమ్మంటే వచ్చి, టోపీ చేతిలో పట్టుకుని, అవును నేనే పెట్టానన్నాడు.

వసారాలో లోనెట్ కనిపించింది. పొడుగాటి మనిషి, నర్సు చెప్పులతోనే వచ్చింది. అమ్మ డబ్బా చాపింది. ఇద్దరూ దాన్ని చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు.

"మూడో పొర మీదాండీ?"

"మా అమ్మ పద్ధతమ్మా. అబ్బాయి ఎలా ఉన్నాడు?"

"గోడౌన్లో పెట్టెలు ఎత్తుతున్నాడు. బంతి ముట్టుకోవట్లేదు."

"తప్పయిపోయింది, తల్లీ" అంది అమ్మ. లోనెట్ పరవాలేదు అనలేదు. డబ్బా మాత్రం గట్టిగా పట్టుకుంది.

ఆమె మీద కేసు కొట్టేశారు. మాకు పోయిన ఏడాది తిరిగి రాలేదు.

మర్నాడు వరండాలో మా గాజు గిన్నె ఒకటి కనిపించింది. మూడేళ్ళ కిందట ఎవరి చావుకో పంపింది. కడిగి, తుడిచి, బోర్లించి ఉంది. అడుగున మా పేరు. లోపల ఏమీ లేదు. మర్నాడు రెండు పళ్ళేలు, ఆ తరవాత మూకుడు, అమ్మ మర్చేపోయిన సూప్ గిన్నె. ఎప్పుడు తెచ్చి పెడుతున్నారో అడుగుల చప్పుడు కూడా వినపడేది కాదు. మార్చి నెలాఖరుకు పదిహేడు వచ్చాయి, పదిహేడూ ఖాళీవే. చేతికి తగిలిన ప్రతిదాన్నీ అమ్మ వెలుగులోకి తిప్పి లోపలికి చూసేది. ఒక్క నీవా అత్త తిప్పి పంపిన గిన్నె అడుగున ఒక ఎండు ఆపిల్ ముక్క అంటుకుని ఉంది. కడగడంలో మిగిలిందో, కావాలనే వదిలిందో తెలియదు. అమ్మ దాన్ని గోటితో తీసి నోట్లో వేసుకుంది.

నాన్న సెలూన్ తెరిచే కూర్చున్నాడు. కుర్చీ ఖాళీగా ఉండేది. ఆయనే రోజూ దాన్ని తుడిచి, గుడ్డ మడతపెట్టి వచ్చేవాడు. ఆ మార్చిలో కప్పు ఎవరు గెలిచారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఏప్రిల్ రెండో వారంలో పోస్టు బండి ఆగింది. నాన్నే వెళ్ళి సంతకం పెట్టాడు. పార్సెల్‌ను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెట్లెక్కి వచ్చాడు.

"బరువుగానే ఉంది" అన్నాడు.

కాగితం విప్పి నీలం డబ్బా బల్ల మీద పెట్టాడు. అమ్మ మూత తీయడానికి భయపడింది. చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. నాన్న డబ్బాను జాగ్రత్తగా పైకెత్తి అడుగు చూశాడు. చెరిగిపోయిన పాత టేపు పక్కన కొత్త టేపు ఒకటి అంటించి ఉంది. దాని మీద లోనెట్ ఉత్తరంలోని చేతిరాతతోనే, పెద్ద పెద్ద అక్షరాలతో, ఇక చెరగకుండా ఒకటికి రెండుసార్లు దిద్ది రాసిన పేరు ఉంది. నాన్న కళ్ళజోడు సర్దుకుని అక్షరం అక్షరం చదివాడు.

"నీదే, ఓవా" అన్నాడు.